ఏ ఫోటో దించను

మదీహా నాకు కుట్టిన మొదటి జాకెట్టు తొడుక్కుని అద్దం ముందు నిలబడితే అందులో ఎవరో హెడ్ కానిస్టేబులు కనిపించాడు. గొంతు దాకా మెడ, మణికట్టు దాకా చేతులు, ముందువైపు ఇత్తడి బొత్తాలు, నడుం కింద ఇంకో జానెడు గుడ్డ. ఇదేమిటమ్మా అంటే, "నీ నడుం చూస్తే నాకే సిగ్గేసింది. కాస్త దాచాను," అంది. దాచవలసినంత నడుం నాకుందని అనే ధైర్యం మా ఆయన కూడా అప్పటిదాకా చెయ్యలేదు.

తర్వాత ఒక ఆది జాకెట్టు ఇచ్చాను. దాన్ని అటూ ఇటూ తిప్పి, లోపలి కుట్లు గోటితో మీటి చూసి, రెండోది అచ్చు దానిలాగే కుట్టింది. ఆ రోజు నుంచి నాకు బహ్రెయిన్‌లో వేరే టైలరు లేడు.

ఆవిడ దుకాణం హమద్ టౌన్‌లో రొట్టెల బట్టీ పక్కన ఉంటుంది. మదీహా ఇరాకీ, బస్రా మనిషి. చెల్లెలు సల్మానియా ఆస్పత్రిలో నర్సు. చెల్లెలి మొగుడు బహ్రెయినీ కాబట్టి దుకాణం అతని పేరు మీద ఉంది, కష్టం మాత్రం మదీహాది. జగిత్యాల దగ్గరి ఊరి నుంచి వచ్చిన ముత్యం అక్కడ ఇస్త్రీ చేస్తాడు, కాజాలు తీస్తాడు, చీరలకు ఫాల్ కుడతాడు, మిగిలిన సమయంలో మదీహాతో పోట్లాడతాడు. ఇద్దరికీ చాలా ఏళ్ళ స్నేహం. మదీహా మాట్లాడేది అరబ్బీ, హిందీ కలిపిన ఒక భాష. దానికి ముత్యం దగ్గర అంటుకున్న తెలుగుతో పోపు పడుతుంది. ఉన్నదున్నట్టు రాస్తే రేపు నాకే చదవడం రాదు కాబట్టి తెలుగు చేసి రాస్తున్నాను. కోపం మాత్రం ఎక్కడా తగ్గించలేదు.

కటింగ్ బల్ల పైన గోడకి రెండు ఫోటోలుండేవి. ఒకదానిలో పలచటి మీసాల కుర్రాడు. ఆవిడ అన్న బాఖర్. రెండోదానిలో బట్టతల మొదలైన నవ్వు మొహం మనిషి. ఆవిడ భర్త ఖలీద్. బాఖర్‌ని సద్దాం కాలంలో పట్టుకుపోయారు. ఖలీద్‌ని అమెరికా సైన్యం వచ్చి సద్దాంని దించాక ఎవరో ఎత్తుకుపోయారు. బాఖర్ ఎముకలు దొరికాయి. ఖలీద్‌వి ఏమీ దొరకలేదు.

దొరకలేదు కనుక ఖలీద్ చనిపోలేదు. మదీహా లెక్క అది. భర్త గురించి ఎప్పుడూ "ఉండేవాడు" అనదు. "ఖలీద్‌కి వంకాయ పడదు," అంటుంది. "ఖలీద్ నిద్రలో పళ్ళు కొరుకుతాడు," అంటుంది. ఆవిడ ముందు అతను పోయాడన్న మాట ఎవరూ అనకూడదు. దుకాణానికి వచ్చేవాళ్ళందరికీ ఇది తెలుసు, కొత్తవాళ్ళకి ముత్యం గుమ్మంలోనే చెవిలో చెప్పేవాడు.

చెప్పినా ఆగని మనిషి మా ఇంట్లోనే ఉన్నారు. మా ఆయన వెంకటరాజు. ప్రపంచంలో ఏ దేశాన్ని ఎవరు ఎలా ఏలాలో ఆయనకి తెలుసు, మా వంటింట్లో గ్యాస్ ఎక్కడ కట్టేస్తారో తెలియదు. "గట్టివాడుండాలే. దేవుడూ దెయ్యం అనకుండా, కొరడా పుచ్చుకుని అందర్నీ ఒక్క గాటన కట్టేవాడు. ఇరాక్ చూడు, వాడున్నన్నాళ్ళూ ఎలా ఉండేది," అని భోజనాల దగ్గర మొదలెడితే పెరుగన్నం దాకా ఆ దేశమే. అసలు ఇరాకీ మనిషి నోటితో ఆ మాట అనిపించుకోవాలని ఆయనకి ఎప్పటి నుంచో కోరిక. అందుకే నేను దుకాణానికి వెళ్ళినప్పుడల్లా ఆయన్ని కారులోనే కూర్చోబెట్టి, ఏసీ వేసి, చేతికి ఫోను ఇచ్చి వెళ్ళేదాన్ని, చంటిపిల్లాడికి చేసినట్టు.

ఆ రోజు కారులో ఏసీ చెడిపోయింది.

అది పెత్రమాస రోజు. తెలంగాణ వాళ్ళు ఆ అమావాస్య నాడు చనిపోయిన పెద్దల పేరు చెప్పి బియ్యం ఇస్తారు, ఫోటోలకి పూలు వేస్తారు. ముత్యం మనామాలో గుడి సందుకి పోయి రెండు బంతిపూల దండలు తెచ్చాడు. తన అమ్మానాన్నల ఫోటోలు ఊళ్ళో ఉన్నాయి. ఇక్కడ ఉన్నవి మేడం వాళ్ళవే. పాపం, వీళ్ళకి చేసేవాళ్ళెవరు అనుకున్నాడు. మదీహా రాకముందే దుకాణం తెరిచి, స్టూలెక్కి, రెండు ఫోటోలకీ దండలు వేసి, అద్దాల మీద కుంకుమ బొట్లు పెట్టి, రెండు ఊదుబత్తీలు వెలిగించాడు.

మదీహా వచ్చి చూసి ఎంత సంతోషపడిందో. దసరాకి ముత్యం కుట్టుమిషన్లకి దండలు వేస్తాడు, ఇస్త్రీ పెట్టెకి కూడా వేస్తాడు. కాబట్టి ఆవిడకి తెలిసినంతవరకు దండ అంటే పండగ. "ఈసారి మిషన్ల కంటే ముందు మా వాళ్ళకి వేశావా," అని మెచ్చుకుంది. ఫోటో తీసి బస్రాలో ఉన్న అత్తగారికి పంపింది కూడా. అప్పటికే అలవాటైన చోట పొరపాటు ఎవరికి తోస్తుంది.

తర్వాత దుకాణానికి వచ్చిన మన దేశపు ఆడవాళ్ళంతా చిత్రంగా ప్రవర్తించారు. ఒక మలయాళీ ఆవిడ గోడ వంక చూసి, కొలతలు ఇవ్వకుండా మదీహా భుజం నిమిరి వెళ్ళిపోయింది. మా వీధిలో ఉండే లోవమ్మ గారు పట్టుచీర మీదికి జాకెట్టు ఇవ్వడానికి వచ్చి, సంచీ వెనక దాచుకుని, "ఇవాళ వద్దులేమ్మా, మీరు ధైర్యంగా ఉండాలి," అని చేతులు పట్టుకుని కళ్ళు తుడుచుకుంది. మదీహా కూడా ఆవిడ చేతులు పట్టుకుని, "మీకూ పండగ శుభాకాంక్షలు," అంది. లోవమ్మ గారు ఆ మాట నాకు ఫోన్లో చెప్పి, "బాధలో మనిషికి మతి చలించిందండీ," అంది. నాకేమీ అర్థం కాలేదు. ఎవరు పోయారో, ఏమైందో చూసి వద్దామని సాయంత్రం బయల్దేరాను. పచ్చి కుట్ల మీద జాకెట్టు తొడిగి చూసుకునే పని కూడా ఉంది. ఏసీ లేని కారులో చెమటలు కారుతున్న వెంకటరాజు గారు నా వెనకే లోపలికొచ్చేశారు.

నేను గోడ చూసేలోపే మదీహా నన్ను తెర వెనక్కి నెట్టి జాకెట్టు చేతిలో పెట్టింది. అన్నీ పచ్చి కుట్లు, గుండుసూదులు. ఒక చెయ్యి తొడిగి రెండోది వెతుక్కుంటూ ఉండగా బయట మా ఆయన గొంతు వినపడింది, సంతాప సభలో మైకు ముందు వాడే గొంతు.

"మదీహా గారూ, భాయ్‌సాబ్ సంగతి ఇప్పుడే చూశాను. చాలా బాధాకరం. ఎప్పుడు తెలిసింది?"

"ఏ సంగతి?"

"అదే, ఖలీద్ గారు పోయినట్టు."

మిషను ఆగింది. ముత్యం ఇస్త్రీ పెట్టె నిలబెట్టిన చప్పుడు కూడా విన్నాను.

"ఎవరు చెప్పారు?" అంది మదీహా.

"చెప్పడమెందుకండీ, దండ వేసుంది కదా. మాలో పోయినవాళ్ళ ఫోటోకే వేస్తాం దండ. బతికున్నవాళ్ళకి ఎవరు వేస్తారు?"

నేను రెండో చెయ్యి దొరక్క చీర చుట్టబెట్టుకుంటున్నాను. నిశ్శబ్దం మా ఆయనకి పడదు. ఎక్కడ కాస్త ఖాళీ దొరికినా మాటలతో పూడుస్తారు.

"ఏమైనా సద్దాం టైమే నయమండీ. కనీసం మనిషి ఎక్కడున్నాడో తెలిసేది."

నేను తెర తోసుకుని వచ్చేసరికి వీపు మీద సూదులు గుచ్చుకుంటున్నాయి. అప్పటికి మదీహా కత్తెర బల్ల మీద పెట్టేసింది. అదొక్కటే దేవుడి దయ.

"ముత్యం," అంది ముందు. "ఈయన చెప్పేది నిజమేనా? చచ్చినవాళ్ళకే వేస్తారా?"

"మేడం, గది..."

"నిజమా, అబద్ధమా?"

"నిజమే మేడం."

"పొద్దున ఈ ఫోటో తీసి అత్తకి పంపాను. ఆవిడ కొడుకు చావు నా చేత్తో ఆవిడకి పంపించావు."

ముత్యం తల వంచుకున్నాడు. ఆవిడ ఇప్పుడు మా ఆయన వైపు తిరిగింది.

"ఎక్కడున్నాడో తెలిసేదా, రాజూ భాయ్? ఎవరికి తెలిసేది? బాఖర్ టీ కొట్లో సద్దాం మీద ఒక జోకు వేశాడు. మర్నాడు తెల్ల కారు వచ్చింది. మా అమ్మ ఏడవలేదు, ఎందుకో తెలుసా? ఏడిస్తే పక్కింట్లో వినపడుతుంది. విన్నవాడు రాసి పంపిస్తాడు. మీ అబ్బాయి ఏడీ అని ఎవరైనా అడిగితే బాగ్దాద్‌లో ఉద్యోగం వచ్చింది అని చెప్పి స్వీట్లు పంచింది మా అమ్మ. విన్నావా? స్వీట్లు. తర్వాత దిండు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, ఏళ్ళ తరబడి. మా ముందు గదిలో సద్దాం ఫోటో ఉండేది. అందరి ఇళ్ళలోనూ ఉండేది. దుమ్ము కనపడితే నేరం. కొడుకుని మింగినవాడి మొహం రోజూ గుడ్డ పెట్టి తుడిచింది మా అమ్మ."

"అయ్యయ్యో," అన్నారు మా ఆయన. ఆయన చెడ్డ మనిషి కాదు. కానీ ఒక అభిప్రాయం కూలితే వెంటనే దాని పక్కనున్నది పట్టుకుంటారు. "అంటే మరి అమెరికావాళ్ళు రావడమే మంచి..."

"ఏవండీ, మీరు ఊరుకోండి," అన్నాను.

"ఊరుకోనియ్యకు, మాట్లాడనీ," అంది మదీహా. "అదీ వినాలి కదా. ఆ రోజుల్లో నేను తల మీద గుడ్డ లేకుండా కాలేజీకి వెళ్ళాను. ఫీజు లేదు. నది ఒడ్డున చీకటి పడ్డాక ఐస్‌క్రీం తిని, నేనూ నా స్నేహితురాలూ నడిచి ఇంటికొచ్చాం. మేం షియాలం, ఖలీద్ సున్నీ. పెళ్ళి మాటల్లో మా నాన్న అడిగింది ఒకటే, కుర్రాడు సిగరెట్లు కాలుస్తాడా అని. మా వీధిలో పేరు చూసి ఎవర్నీ చంపలేదు, నోరు చూసి చంపారు. నోరు మూసుకుంటే బతకొచ్చు. మూసుకుని మూసుకుని దవడలు నొప్పి పెట్టేవి, అంతే."

ముత్యం ఎందుకో టీ కెటిల్ ఆన్ చేశాడు. మదీహా వెళ్ళి ఆపేసింది.

"తర్వాత మీ అమెరికా వచ్చింది. మా అమ్మ మొదటిసారి గట్టిగా ఏడ్చింది, వీధి చివరిదాకా వినేట్టు. ఊరి బయట గొయ్యి తవ్వారు. అందరి ఎముకలూ కలిసిపోయాయి. నేను కూర్చుని ఒక్కొక్క చొక్కా దులిపి చూశాను. బాఖర్ కాలరు కింద చిరుగు నేనే కుట్టాను, నల్ల దారం అయిపోతే నీలం దారంతో. ఆ కుట్టు చెక్కు చెదరలేదు. నా కుట్టు ఎంత గట్టిదో ఆ రోజు తెలిసింది."

ఆవిడ నవ్వింది. ఆ నవ్వు కంటే అరిచినా బాగుండేది.

"అందుకు వాళ్ళకి దండం పెట్టనా? పెట్టేదాన్నేమో. ఒక పొద్దున తలుపు తన్ని లోపలికొచ్చారు. పరుపుల మీద బూట్లతో నడిచారు. నా మిషను తిరగేశారు, లోపల బాంబుందని. పోతూ పోతూ ఒక కుర్రాడు, పట్టుకుపోయిన నాటి మా అన్న వయసే ఉంటుంది, దుబాసీ చేత అడిగించాడు, ఇప్పుడు సంతోషంగా ఉన్నారా అని. అంతకుముందు సద్దాం పార్టీవాడు నెల నెలా వచ్చి అదే అడిగేవాడు. ఇద్దరికీ అవుననే చెప్పాను. తుపాకి ఉన్నవాడికి ఇంకే జవాబు చెప్తారు? తర్వాత కరెంటు లేదు, నీళ్ళు లేవు. జనరేటరుకి పెట్రోలు తెస్తానని ఖలీద్ వెళ్ళాడు. దారిలో ముసుగులవాళ్ళు ఆపి పేరు అడిగారు. సున్నీ పేరు, చెప్పాడు. అంతే. వాళ్ళెవరో ఈ రోజుకీ తెలియదు. ముందు ఒక్కడే దొంగ, ఇల్లెక్కడో అందరికీ తెలుసు, వెళ్ళి అడగలేం. తర్వాత వీధికొక దొంగ, ఎవర్ని అడగాలో తెలియదు."

ఆవిడ స్టూలు కాలితో మా ఆయన ముందుకి తోసింది.

"ఇప్పుడు నువ్వు వచ్చి ఏది నయం అంటున్నావు. నీకు తుపాకి కూడా లేదు, ఊరికే అడుగుతున్నావు. చల్లగా కూర్చుని వేరేవాళ్ళ ఇంటికి కొరడావాడిని కోరుకుంటున్నావు. సరే. ఆ కాలం నయమంటే బాఖర్ ఫోటో దించాలి. ఈ కాలం నయమంటే ఖలీద్ ఫోటో దించాలి. రెండూ ఉంచి జవాబు చెప్పడం నాకు రాదు. ఏ ఫోటో దించను? చెప్పు, దించుతాను."

వెంకటరాజు గారు స్టూలు వైపు చూశారు, గోడ వైపు చూశారు, చివరికి నా వైపు చూశారు. ఇంట్లో గ్యాస్ వాసన వచ్చినప్పుడు కూడా అలాగే చూస్తారు. ఆ మనిషిని చూస్తే నాకు ఎప్పుడూ నవ్వే వస్తుంది. ఆ రోజు ఒళ్ళు మండింది. మా భోజనాల బల్ల దగ్గర పప్పులోకి అప్పడంలా నంజుకున్నది ఈ మనుషులనా అనిపించింది. ఆయన ఒక్కరే కాదు, పక్కన కూర్చుని వడ్డించినదాన్ని నేను.

"నాకు తెలియదండీ," అన్నారాయన చివరికి. పెళ్ళయ్యాక ఆయన నోట ఆ ముక్క వినడం అదే మొదలు.

"తెలియదా? మంచిది. అక్కడ కూర్చో," అని మదీహా ముత్యం వైపు తిరిగింది. "నీతో ఇంకా అయిపోలేదు. మొన్న ఫోన్లో ఎవరివో చేతులు విరుస్తానని అరిచావే, ఎవరివి?"

"పరశురాంవి మేడం. మా బావ తమ్ముడు."

"ఎందుకు విరుస్తానన్నావు? ఈ అక్కకి చెప్పు, ఆవిడకి తెలియదు."

ముత్యం నా వైపు చూడకుండా చెప్పాడు. "మా అక్క రాములవ్వ పెనిమిటి మల్లేష్. దుబాయి పోయిండక్క. మాకు గల్ఫంత దుబాయే, పోయింది సౌదీకి. పోయినోడు పోయినట్లే, ఫోన్ లేదు, జాడ లేదు. అక్క ఇంక బొట్టు పెట్టుకుంటనే ఉంది. పరశురాం గాడు మొన్న ఫోన్ చేసి, ఈ పెత్రమాసకు అన్న ఫోటోకు దండ ఏస్తం, బియ్యం ఇస్తం అన్నడు. గాళ్ళకు ఇంటి జాగ మీద కన్ను. ఎట్ల ఏస్తవ్ రా, మా బావ పీనుగను చూసినవా నువ్వు, దండ ఏస్తే చేతులు ఇరుగుతయ్ అన్న."

"మీ బావకి వద్దు," అంది మదీహా. "నా మొగుడికి వెయ్యొచ్చు."

"అట్ల కాదు మేడం. మల్లేష్ బావ మొన్న మొన్ననే పోయిండు. ఖలీద్ సారు పోయి..." అని ఆగిపోయాడు.

"చెప్పు. ఆగకు. ఎన్నేళ్ళయితే మనిషి చచ్చినట్టు? మీ ఊళ్ళో ఎంత, మా ఊళ్ళో ఎంత?"

ముత్యం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కానీ అతనికీ కోపం వచ్చింది. "నేనేమన్న జాగ కోసం ఏసిన్నా మేడం? ఎవలు లేరు, ఆకలితోటి ఉంటరు అని ఏసిన. మా అయ్యకన్న ముందుగాల మీ ఆయనకే ఊదుబత్తి ముట్టిచ్చిన. తప్పైతే కొట్టుండ్రి. గంతే గని నన్ను పరశురాం గాడి పక్కన నిలబెట్టకుండ్రి."

మదీహా స్టూలు వైపు చెయ్యి చూపించింది. ముత్యం ఎక్కాడు. ఖలీద్ దండ తీశాడు. ఇస్త్రీకి వాడే నీళ్ళ సీసాతో చిమ్మి అద్దం మీది బొట్టు తుడిచాడు. కుంకుమ తడిసి ఖలీద్ నుదురంతా ఎర్రగా పాకింది. మదీహా మొహం తిప్పుకుంది. ముత్యం గొణుక్కుంటూ తన చొక్కా అంచుతో మళ్ళీ తుడిచాడు, అద్దం తళతళ మెరిసేదాకా తుడిచాడు. తర్వాత బాఖర్ దండ మీద చెయ్యి వేశాడు.

"అది ఉంచు," అంది మదీహా. "వాడికి ఎవరూ ఏ పూలూ వెయ్యలేదు."

అంతలో ఫోను మోగింది. బస్రా నుంచి అత్తగారు, వీడియోలో. నల్ల ముసుగులో చిన్న మొహం, పళ్ళు లేని బోసి నోరు. పొద్దున చూసిన పూలు మళ్ళీ చూపించమని అడుగుతోందని మదీహా మాతో అంది. నిజం చెప్తే ఆ ముసలమ్మ ఇన్నాళ్ళ ఎదురుచూపు ఆ గోడ దగ్గరే ఆగిపోతుంది.

మదీహా ఫోను ఖలీద్ ఫోటో వైపు తిప్పింది. ముసలమ్మ ఏదో అడిగింది, మదీహా జవాబు చెప్పింది. నాకు అరబ్బీ అంతంతమాత్రం. ముత్యం నెమ్మదిగా నా చెవిలో చెప్తూ వచ్చాడు.

"పూలేవి అంటుంది. తీసేసినం అంటుంది మేడం. ఎందుకు, మంచిగున్నయ్ కద అంటుంది... రేపు కొత్తయి ఏయి అంటుంది. నేను ఏయ అంటుంది మేడం."

తర్వాతి మాట ముత్యం చెప్పలేదు. మదీహాయే ఫోను పెట్టేశాక చెప్పింది, ఇంకా కోపంగానే. "నీ కొడుక్కి పూలు పడవు, తుమ్ములొస్తాయి, నీకు తెలియదా అన్నాను. అవునవును, చిన్నప్పటి నుంచీ అంతే వాడు అని నవ్వింది."

కత్తెర తీసుకుని, నా వీపు మీది సూదులు ఒక్కొక్కటీ లాగి, జాకెట్టు సరిచెయ్యడం మొదలుపెట్టింది. గట్టిగానే లాగింది. మా ఆయన, అడగకుండానే, లేచి వెళ్ళి కెటిల్ ఆన్ చేశారు. ఈసారి దాన్ని ఎవరూ ఆపలేదు.

టీ తాగుతుండగా తలుపు తోసుకుని ఒక కొత్త అమ్మాయి వచ్చింది, సాయికుమారి అట, ఈ మధ్యనే విశాఖ నుంచి వచ్చిందట. చేతిలో చీర ఉంది. లోపలికి అడుగు పెడుతూనే గోడ వైపు చూసింది. దండ ఉన్న ఫోటో చూసి, లేని ఫోటో చూసి, గొంతు తగ్గించి, "అయ్యో, ఈయనా..." అనబోయింది.

ముత్యం ఇస్త్రీ పెట్టె దించకుండానే అడ్డం పడ్డాడు.

"ఆయన అన్న, పోయిండు. ఈయన ఇంకా రాలేదు. నీకేం కావాలమ్మా, జాకెట్టా, ఫాలా?"